అరసవిల్లి కంటే ముందొచ్చే సూర్యుడు

ఆవనూనె వాసన నాకు పడదు. పుట్టిందీ పెరిగిందీ కలకత్తాలో అయినప్పుడు ఈ మాట చెప్పుకోవడం సిగ్గుచేటే, ఎందుకంటే ఈ ఊళ్లో చేప ముక్క దగ్గర్నుంచి మరమరాల దాకా ఆ నూనె తగలకుండా ఏదీ నోట్లోకి వెళ్లదు. పొయ్యి మీద కాగుతున్న నూనె అయితే ఎలాగో ఓర్చుకుంటాను. పచ్చి నూనె, అదీ గిన్నెలో పోసి ఊరికే పెట్టిన నూనె కనబడిందంటే ఆ గదిలో నిలవలేను. మొన్నామధ్య సాల్ట్ లేక్‌లో మా చెల్లెలు పైడితల్లి వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. దాని కూతురు స్వాతికి ఆడపిల్ల పుట్టింది, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు, చూసి పోదామని. పసిబిడ్డ ఉన్న ఇంట్లో సాంబ్రాణి వాసన రావాలి, పాల వాసన రావాలి, ఉతికి ఆరేసిన పాత చీరల వాసన రావాలి. తలుపు తియ్యగానే ఆవనూనె గుప్పుమంది. గాజుపలక పరిచిన భోజనాల బల్ల మీద కంచు గిన్నె, దాని నిండా పసుపుపచ్చటి నూనె.

గిన్నె చూడగానే సంగతి తెలిసిపోయింది. మావాళ్ల నమ్మకంలో రోహిణి నక్షత్రంలో పుట్టిన బిడ్డ మేనమామకు గండం. మేనమామ ఆ బిడ్డను మొట్టమొదట నేరుగా చూడకూడదు. గిన్నెలో నూనె పోసి, అందులో బిడ్డ మొహం నీడ చూసి, ఆ తరవాతే బిడ్డను చూడాలి, ఎత్తుకోవాలి. ఇక్కడ మేనమామ అంటే పైడితల్లి కొడుకు కిరణ్. సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, మెడలో తాడుకు వేలాడే కార్డు, నోట్లో సగం బెంగాలీ సగం ఇంగ్లీషు. మేనకోడలు పుట్టిందగ్గర్నుంచీ వాడు దాని మొహం చూడలేదట. ఫోన్లో ఫొటో కూడా చూడనివ్వలేదట వాళ్లమ్మ. బాలింత గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాడు, అంత చదువు చదివినవాడు.

“పెద్దమ్మా, ఇటు చూడండి, మీ సబ్జెక్టే,” అన్నాడు కిరణ్ ఫోన్ నా చేతికిచ్చి, నవ్వుతూనే. “పుట్టిన టైమూ ఊరూ కొడితే చాలు, లాంగిట్యూడ్ అదే తీసుకుంటాది. ఒక్క నిమిషం కూడా తేడా రాదు. రోహిణి. డౌటే నేదు.”

చూశాను. కలకత్తా రేఖాంశం సరిగ్గానే ఉంది, ఎనభై ఎనిమిది డిగ్రీల చిల్లర, తూర్పు. నా ఉద్యోగమంతా బడిపిల్లలకు నల్లబల్ల మీద గీసి చూపించిన గీత అది. ఆ గీత తప్పుగా పడినందుకు ఒకప్పుడు మా ఇంట్లో ఎంత నాశనం జరిగిందో వాడికి తెలియదు. ఇప్పుడు గీత ఒప్పుగా పడింది, నూనె గిన్నె మాత్రం బల్ల మీదే ఉంది. నాకు రోత పుట్టింది. ఆ రోత నూనెది కాదు, లేదా నూనెది ఒక్కటే కాదు. దాన్ని చెప్పాలంటే నేను ఖిదిర్‌పూర్ ఓడల డాకు పక్కనున్న మా లైన్లలోకి పోవాలి.

లైన్లంటే కూలీల బారాకులు. ఎదురెదురుగా రెండు వరసల గదులు, మధ్యన నడవడానికి ఇటికల దారి, దారి పక్కనే ఎప్పుడూ పొంగుతూ ఉండే మురిక్కాలవ. శ్రీకాకుళం ప్రాంతం నుంచి డాకు పనికి వచ్చి స్థిరపడ్డవాళ్లమే అందరం. నా చిన్నతనాన్ని తల్చుకుంటే ముందు నాకు గుర్తొచ్చేది మనుషులు కాదు, వాసనలు. తడిసిన జనపనార సంచులు, ఓడలోంచి దింపుతుండగా పగిలిన బెల్లం పాకం డబ్బాలు, గోదాములో కుళ్లిన ఉల్లిపాయలు, గంగ పోటు మీదున్నప్పుడు కాలవలోంచి వెనక్కి తన్నుకొచ్చే నల్లనీళ్లు. పొద్దున్నే ఇంటింటా ఉనును అంటించేవారు, అంటే బకెట్టుకు మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యి. ఆ పొగకు కళ్లు మండుతుండగా మా అమ్మ చోడి అంబలి, అంటే రాగి జావ, కాచేది. చోడిపిండి ఊరినుంచి ఎవరు వస్తే వాళ్ల మూటలో రావాల్సిందే, అందులో సగం పురుగు. డాకు సైరన్ కూసేలోపల మా నాయనా, మా అమ్మ తమ్ముడు సూరి మావయ్యా ఆ అంబలి తాగి, భుజాన గమ్ఛా తువ్వాలు వేసుకుని వెళ్లిపోయేవాళ్లు. గోడలనిండా ఎర్ర రంగు రాతలు. విప్లవం ఎక్కడిదాకా వచ్చిందో ఆ రాతలు చెబుతుండేవి గానీ మా లైన్లకు మాత్రం రెండు మరుగుదొడ్లకు మించి రాలేదు, వాటికి తలుపులు లేవు. ఇదంతా ముద్దుగా తల్చుకునేవాళ్లు నాకు తెలుసు, నా ఈడువాళ్లే. నాకు ముద్దు రాదు.

మా పక్కగదిలో అప్పలస్వామి తాత ఉండేవాడు. డాకులో పనిచేసి మానేసిన ముసలాయన. లైన్లలో పంచాంగం చూసే మనిషి ఆయన ఒక్కడే కాబట్టి పెళ్లి ముహూర్తం నుంచి దుప్పటి ఉతికే రోజు దాకా ఆయన మాటే చెల్లేది. ప్రతి ఉగాదికీ ఊరినుంచి వచ్చే ఎవరో ఒకరు ఆయనకు పంచాంగం తెచ్చిపెట్టాలి, అది కాకినాడ వైపు సూర్యోదయానికి లెక్కగట్టిన పంచాంగం. ఆయన తెల్లవారగట్లే బారాకు మేడ మీదికెక్కి క్రేన్ల వైపు తిరిగి నిలబడేవాడు. సూర్యుడి అంచు కనబడగానే దండం పెట్టి, “అరసవిల్లి సామి బయలెల్లినాడు,” అనేవాడు. అరసవిల్లి మా శ్రీకాకుళంలో సూర్యనారాయణస్వామి గుడి ఉన్న చోటు. ఆయన నమ్మకం ప్రకారం సూర్యుడు ముందు ఆ గుళ్లోంచి లేచి, ఆ తరవాతే తక్కిన లోకానికి వెళతాడు. గడియారం అంటే ఆయనకు గిట్టదు. “గడియారం సర్కారోడిది, సూరీడు మనోడు,” అనేవాడు. అందుకని లైన్లలో పగటిపూట బిడ్డ పుడితే మంత్రసాని గుమ్మంలోకి వచ్చి కంచం మోగించాలి. ఆ చప్పుడు వినగానే తాత మేడ మీద కర్ర నిలబెట్టి, నీడ కొలిచి, పొద్దు పొడిచి ఎన్ని గడియలైందో లెక్కగట్టి, దాన్ని ఊరి పంచాంగంలో పెట్టి నక్షత్రం చెప్పేవాడు. లైన్లలో పగలు పుట్టిన పిల్లలందరి జాతకాలూ ఆ కర్ర నీడవే.

పైడితల్లి పుట్టింది ఎండాకాలంలో, పొద్దు పొడిచిన కాసేపటికి. కంచం మోగడం నాకు గుర్తుంది, కాస్త ఊహ తెలిసిన వయసే నాది. ఆ వేళకు సూరి మావయ్య రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వస్తున్నాడు. కంచం చప్పుడు వీధి మొగలో విన్నాడేమో, పరిగెత్తుకుంటూ వచ్చి, ఒంటి మీద సిమెంటు దుమ్ము కూడా దులుపుకోకుండా మంత్రసాని చేతిలోంచి బిడ్డను లాక్కున్నంత పని చేశాడు. “నా కోడలే! నా కోడలే!” అని అరుస్తూ ఆ ఇటికల దారంతా తిప్పాడు. ఆ కాసేపటికి తాత మెట్లు దిగి వచ్చి, “ఓరి సూరీ, అప్పుడే కృత్తిక ఎల్లి రోహిణి సొచ్చిందిరా. నూనెలో సూడకుండా ఎత్తేసినావేట్రా!” అన్నాడు. ఆడవాళ్లంతా నోళ్లు నొక్కుకున్నారు. మావయ్య మాత్రం నవ్వేసి, బిడ్డ నుదుటి మీద తన సిమెంటు మూతితో ముద్దుపెట్టాడు. తరవాత ఏళ్లపాటు పైడిని భుజాన ఎక్కించుకుని ఖిదిర్‌పూర్ బజారంతా తిప్పింది ఆ మనిషే. అది మావయ్య కంచంలోనే తినేది, మావయ్య పక్కనే పడుకునేది.

పైడి పలక పట్టే వయసులో మావయ్య కాలు పోయింది. ఓడలోంచి సరుకు దింపుతుంటే క్రేను కట్టు తాడు తెగి, పెట్టె అతని మీద పడింది. కాలు మోకాలి కిందికి నుజ్జయింది. ఆ తాడు నరాలు తేలిపోయి ఉందని గ్యాంగులో అందరికీ తెలుసు. మావయ్యే అంతకు ముందు అంబలి తాగుతూ, “ఆ తాడు ఏదో రోజు ఎవడో ఒకడ్ని తినేత్తాది,” అన్నాడు, నేను విన్నాను. ఆసుపత్రి నుంచి తెచ్చాక రోజూ సాయంత్రం కోసెయ్యగా మిగిలిన ఆ కాలి మొండికి పచ్చి ఆవనూనె మర్దనా చెయ్యాలి. అమ్మ పొయ్యి దగ్గర ఉండేది కాబట్టి ఆ పని నాది. గిన్నెలో నూనె, నూనెలో నా వేళ్లు, ముడతలు పడి అతుక్కున్న ఆ మాంసం, దాని కింద వణుకుతుండే ఎముక. చేతులు ఎంత కడిగినా అన్నం ముద్దలో అదే వాసన వచ్చేది. అయితే నాకు అసలు అసహ్యం వేసింది ఆ కాలిని చూసి కాదు. మర్దనా చేస్తుండగా పైడి గుమ్మంలోకి వస్తే, మావయ్య మొహం గోడకేసి తిప్పుకుని, “దాన్ని అవతలకి తీసుకుపోండి,” అనడం మొదలుపెట్టాడు. దాన్నీ అంటే ఎవర్ని? నిన్నటిదాకా తన కంచంలో తిన్న పిల్లని.

నెమ్మదిగా లైన్లంతా అదే మాట. రోహిణిలో పుట్టింది, నూనెలో చూపించలేదు, కాస్త ఆలస్యంగానైనా మావను తినబోయి కాలుతో సరిపెట్టింది. నీళ్ల కుళాయి దగ్గర ఆడవాళ్లు పైడి బిందె ముట్టుకుంటే తమ బిందె పక్కకు జరిపేవాళ్లు, వాళ్లకూ అన్నదమ్ములున్నారు కదా. అది ఏం తప్పు చేసిందో తెలియక అందరికీ నవ్వు మొహం చూపిస్తూ తిరిగేది. ఆ నవ్వు ఇప్పుడు తల్చుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. ఆఖరికి తాత ఒక దారి చెప్పాడు: మేనమామకూ పిల్లకూ మధ్యన పారే నీళ్లు ఉండాలి, పిల్లని గంగ దాటించేస్తే మిగతా కాలూ ప్రాణమూ దక్కుతాయి. గంగకు అవతల హౌరాలో, టికియాపారా రైల్వే క్వార్టర్లలో, మా నాయన వైపు దొడ్డమ్మ ఉంది. పిల్లల్లేని మనిషి. పైడిని ఆవిడకు ఇచ్చేయాలని, మళ్లీ ఈ గడప తొక్కనివ్వకూడదని మాట్లాడుకున్నారు. అమ్మ ఏడ్చింది గానీ కాదనలేదు. ఒక పక్క కూతురు, ఒక పక్క తోడబుట్టినవాడు.

ఆ రోజుల్లోనే మా బడిలో భూగోళం పాఠం వచ్చింది. నేను చదివేది బెంగాలీ బడి. భూగోళం చెప్పే టీచరుకు, దిదిమణి అనేవాళ్లం, డాకు పిల్లలంటే ఏవగింపు, మేము బల్ల దగ్గరికి వెళితే చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఆవిడ మీద నాకు గౌరవం లేదు, పాఠం మీద మాత్రం ఉంది. గోడకు భారతదేశం పటం వేలాడదీసి, దాని మీది నిలువు గీతలను బెత్తంతో చూపించింది. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి తూర్పున ఉన్న గీత మీదివాళ్లకు సూర్యుడు ముందు కనబడతాడు, పడమట ఉన్నవాళ్లకు తరవాత. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఏ ఊరివాళ్లు ఆ ఊరి సూర్యుణ్ని పట్టుకుని కూర్చుంటే రైళ్లు నడవవు, అందుకని ఒక గీతను ఎంచుకుని దేశమంతా గడియారాలను దానికి కట్టేశారు. “తోర్ దేశ్ కోథాయ్?” అని నన్ను అడిగింది, మీ సొంతూరు ఎక్కడా అని. లేచి వెళ్లి శ్రీకాకుళం తీరం మీద వేలు పెట్టాను. “అయితే గడియారాల గీత మీ వైపునుంచే పోతుంది, చూడు,” అంది. నిజమే, ఆ గీత కాకినాడ పక్కనుంచి సముద్రంలోకి దిగుతోంది. అక్కణ్నుంచి వేలు కలకత్తా దాకా జరిపాను. ఆరు డిగ్రీలు. ఆరు నాలుగులు ఇరవై నాలుగు, అంటే సరిగ్గా తాత చెప్పే ఒక గడియ. వేలు అక్కడే పెట్టుకుని నిలబడిపోయాను. పటం మాపవద్దని దిదిమణి బెత్తంతో నా చేతి మీద కొట్టింది.

బడి వదలగానే పరుగున వచ్చాను. తాత నులక మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేల మీద సుద్దతో తీరం గీశాను, గీతలు గీశాను, కలకత్తా పెట్టాను, అరసవిల్లి పెట్టాను.

“తాతా, సూరీడు అరసవిల్లి ఎల్లకముందే మనకాడికొస్తాడు,” అన్నాను.

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. “ఏటే గౌరీ, ఏటి కూస్తన్నావు?”

“నువ్వు గడియలు ఇక్కడి పొద్దు నుంచి లెక్కెడతావు. పంచాంగంలోవి అక్కడి పొద్దు నుంచి లెక్కెట్టినవి. ఇక్కడ ముందే పొడిసీసింది గదా, మన లెక్కలో ఒక గడియ ఎక్కువ పడిపోయింది. మా పైడి పుట్టినప్పటికి రోహిణి ఇంకా రానేదు. కృత్తికే.”

ముసలాయన తెలివితక్కువవాడు కాదు. చాలాసేపు ఆ సుద్దగీతల వైపు చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. సూర్యుడు తన గుళ్లోంచి కాక ముందు ఈ మురికికాలవ మీద పొడుస్తాడన్న మాట ఆయనకు దెబ్బలాగే తగిలింది. ఆఖరికి, “నిజవే,” అన్నాడు. నాకు ఆకాశం అందినట్టయింది. ఆ వెంటనే పాదంతో సుద్దగీతలు చెరిపేశాడు. “ఈ మాట ఇక్కడే ఒగ్గీ. నీ సెల్లి ఒక్కద్దే కాదు గదా, ఈ లైన్లల పుట్టినోల్లందరికీ నానే సెప్పినాను. అందరివీ ఎనక్కి జరుగుతాయి. మంచి సుక్కలని పెళ్లిల్లు సేసినాను. ఏటి సెప్పమంటావు ఇప్పుడు?”

ఆయన మంచివాడని అందరూ అనేవారు, పోయాక ఇంకా ఎక్కువ అన్నారు. ఒక పసిపిల్ల బతుకూ తన మాట పరువూ చెరో చేతిలో పట్టుకుని, క్షణం తడుముకోకుండా పిల్లని జారవిడిచిన ఆ పాదం నాకు ఇప్పటికీ కనబడుతుంది. సుద్దతో తెల్లబడిన పగుళ్ల పాదం. ఆయన్ని నేను క్షమించలేదు.

నేను ఒగ్గలేదు. పైడిని పంపే మాట తేల్చడానికి ఆదివారం మధ్యాహ్నం లైన్లలో మగవాళ్లంతా మా గుమ్మం ముందు చేరితే, మధ్యలోకి వెళ్లి అంతా చెప్పాను. దుర్గాదా కూడా వచ్చాడు. దుర్గారావు అని మా తెలుగువాడే, యూనియన్ మనిషి, బెంగాలీ పద్ధతిలో అందరూ దాదా అని పిలిచేవారు. డాకు గేటు ముందు నిలబడి మూఢనమ్మకాల మీద గంటలకొద్దీ ఉపన్యాసం ఇవ్వగలడు. నా ఆశంతా ఆయన మీదే. నేను చెబుతున్నంతసేపూ తల ఊపుతూ విన్నాడు, “సరిగ్గా సెప్పింది గుంట, ఇది సైన్సు,” అని కూడా అన్నాడు. అప్పుడు వెనకనుంచి ఆయన భార్య నెమ్మదిగా అడిగింది, “అయితే మన బాబుది? రోహిణి ఎల్లిపోనాక కూసింతసేపటికే పుట్టినాడు, మృగశిర అన్నారు గదా. ఒక గడియ ఎనక్కి జరిపితే ఏటవుతాడు?” దుర్గాదా తల ఊపడం ఆగిపోయింది. పక్కనే ఆవిడ తమ్ముడు నిలబడి ఉన్నాడు, రెండు కాళ్ల మీదా గట్టిగా.

ఆ తరవాత అక్కడ నిలబడ్డ ఒక్కొక్కరూ తమ పిల్లల నక్షత్రాలను మనసులో వెనక్కి జరుపుకోవడం వాళ్ల మొహాల మీదే చూశాను. ఎవరికీ నచ్చలేదు. “సైన్సు మంచిదే గానీ,” అన్నాడు దుర్గాదా గొంతు సవరించుకుని, “అన్నిటికీ టైము ఉంటాది. ఒక్క గుంట కోసం అందరి మనసులూ పాడుసెయ్యడం ప్రజలకి మంచిది కాదు.” అందరూ అవునన్నారు. నేను తప్పు చెప్పానని ఒక్కరు కూడా అనలేదు. అదే నా కడుపులో ఇప్పటికీ అరగని ముద్ద. నమ్మకపోతే సరే, తెలియక చేశారనుకోవచ్చు. నమ్మారు కాబట్టే భయపడ్డారు, భయపడ్డారు కాబట్టే పైడిని తోసేశారు.

మిగిలింది మావయ్య. గదిలో చాప మీద కూర్చుని అంతా విన్నాడు. దగ్గరికి వెళ్లి, “మావయ్యా, అది రోహిణి కాదు,” అన్నాను.

“మరి నా కాలు ఎవలు తిన్నారే?” అన్నాడు.

“తాడు. ఎవడో ఒకడ్ని తినేత్తాదని నువ్వే అన్నావు.”

ఆ తాడు సంగతి ఎవరూ ఎత్తకుండా ఉంటే మావయ్యకు గోదాము దగ్గర కాపలా పని ఇప్పిస్తానని డాకు కాంట్రాక్టరు అప్పటికే మాట ఇచ్చాడు, ఆ బేరం కుదిర్చింది దుర్గాదాయే. “తాడుని నానేటి సెయ్యగలనే?” అన్నాడు మావయ్య. “ఎవల్ని అడగను? ఆ తాడుని గంగ దాటించగలనా?” అతని కళ్లలో నీళ్లున్నాయి. నాకు జాలి కలగలేదు. పెద్దవాళ్లను ఏమీ చెయ్యలేని మనిషి చిన్నపిల్ల మీద పడ్డాడు, అంతే కదా. నూనె గిన్నె అక్కడే ఉంది. ఆ సాయంత్రం మర్దనా చెయ్యనని చెప్పాను, అమ్మ వీపు మీద రెండు వేసింది, ఏడుస్తూనే చేశాను.

పైడిని నాయనా నేనూ బస్సులో తీసుకెళ్లాం. హౌరా బ్రిడ్జి మీదికి రాగానే అది కిటికీలోంచి గంగను చూస్తూ, “అప్పా, నాను కృత్తికేనా?” అని నన్ను అడిగింది. మావైపు అక్కను అప్పా అంటారు. సభలో నా మాటలన్నీ అది తలుపు వెనకనుంచి వింది మరి. అవునన్నాను. “అయితే మల్లీ వొచ్చీవొచ్చా?” అంది. నాయన అటు తిరిగిపోయాడు. నేనేం చెప్పానో గుర్తు లేదు. దొడ్డమ్మ మంచి మనిషి, దాన్ని బాగానే పెంచింది, రైల్వే ఉద్యోగికే ఇచ్చి పెళ్లి చేసింది. నేను పండగలకు గంగ దాటి వెళ్లి చూసొచ్చేదాన్ని, అది మాత్రం ఇటు రాలేదు. మావయ్య గోదాము కాపలా కాస్తూనే ముసలివాడై కన్నుమూశాడు. కబురు టికియాపారాకు అన్నీ అయిపోయాకే వెళ్లింది. నేను పట్టుపట్టి భూగోళమే చదివి, అదే చెప్పుకుని బతికాను. ప్రతి ఏడూ ఆ పాఠం వచ్చినప్పుడు, తూర్పున ఉన్నవాళ్లకు సూర్యుడు ముందు వస్తాడని పిల్లలచేత గట్టిగా చెప్పించేదాన్ని. ఈ ఒక్క ముక్క తెలిస్తే లోకం బాగుపడుతుందన్నట్టు.

ఇప్పుడు సాల్ట్ లేక్‌లో, లిఫ్టున్న ఇంట్లో, మరుగుదొడ్డికి తలుపులున్న ఇంట్లో, ఆ ముక్క ఫోన్‌కి కూడా తెలుసు. అప్పుడు లెక్క తప్పు, ఇప్పుడు లెక్క ఒప్పు, తేడా అంతే. నిజానికి ఆనాడు నా వాదనలోనే ఆ కంపు ఉంది కదా అని ఇప్పుడు తోస్తోంది. పైడి రోహిణి కాదు కాబట్టి ఉంచుకోమన్నాను. మరి నిజంగానే రోహిణి అయితే పంపెయ్యమన్నట్టేనా? ఇదిగో, నిజంగానే రోహిణిలో పుట్టిన పిల్ల పక్కగదిలో కేర్‌మంటోంది. కోపం ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లాను. పైడి బాలింతకు మిరియాల చారు కాస్తోంది.

“నువ్వు కూడానా పైడీ?” అన్నాను. “ఇంకెవరైనా అయితే సరే. నువ్వా? ఆ గిన్నె నీ చేతులతో ఎలా పెట్టావు?”

“మెల్లగా, స్వాతి ఇంటాది,” అంది.

“నీకు కృత్తికని తెలుసు. అదంతా అబద్ధమని తెలుసు.”

పైడి పొయ్యి కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. చిన్నప్పుడు కుళాయి దగ్గర అందరికీ చూపించిన ఆ నవ్వే ఇంకా ఉంది మొహాన.

“నాను కృత్తికనని నువ్వు తేల్సినావు, అందరూ ఇన్నారు. ఏటయ్యిందప్పా? నన్ను ఉంచీసినారా?” అంది. “మావయ్య ఆ రోజు కూసింత ఆగి నూనెలో సూసుంటే, కాలు పోయినా సరే, నన్ననడానికి ఎవలికీ నోరు రాకపోను. నాకు ఆ సుక్కలూ తెల్దు, నీ గీతలూ తెల్దు. రేపు ఈ కిరణ్ గాడు బండి మీంచి పడ్డా, ఉద్యోగం పోయినా, ఎవలో ఒకలు ఆ పసిగుంటని అనకుండా ఉంటారేటి? సూపించీసినాం, అయిపోనాది అని సెప్పడానికి నాకో గిన్నెడు నూనె కావాల. దీన్ని ఎవలూ గంగ దాటించకూడదు. అంతే.”

అసహ్యం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు, కానీ దాన్ని ఎవరి మీద వెయ్యాలో తెలియలేదు.

హాల్లోకి వచ్చాం. కిరణ్ కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. స్వాతి బిడ్డను ఎత్తుకుని వాడి వెనకగా, భుజం మీదినుంచి గిన్నెలోకి నీడ పడేలా నిలబడింది. పైడి బల్ల మీది గిన్నె ఎత్తి వాడి ముందు పట్టుకుంది గానీ, దాని చేతులు ఆగడం లేదు. నూనె అంతా అలలు అలలుగా చెదిరిపోతోంది, అందులో ఏ మొహమూ నిలవడం లేదు.

“అప్పా, నువ్వు పట్టుకో,” అంది. “తొణక్కుండా పట్టుకో. ఆడు బాగా సూడాల.”

ఆ వాసన ముక్కుల్లోకి ఎక్కుతుండగా, నేను రెండు చేతులూ చాచి గిన్నె అందుకున్నాను. కిరణ్ కళ్లు తెరిచి వంగేదాకా, నూనె అద్దంలా నిలిచి అందులో ఆ పసిమొహం తేలేదాకా, కదలకుండా పట్టుకున్నాను.